ప్రాసెసర్ వోల్టేజి, అతివేగం, ఆగిపోయే కంప్యూటర్ : ఒక చారిత్రక పరిశీలన

3.1 పరిచయం

మైక్రోప్రాసెసర్ ఎలా పుట్టిందో, ఎలా ఎదిగిందో గత భాగంలో తెలుసుకున్నారు. ఈ భాగంలో అదే చరిత్రను మరో వైపు నుంచి చూద్దాం. చూడబోయేది విజయాల వైపు కాదు, వైఫల్యాల వైపు.

కంప్యూటర్ చక్కగా పని చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. తెర నీలంగా మారుతుంది, లేదా ఏ సందేశమూ లేకుండా యంత్రం తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. అలాంటప్పుడు మనం ముందుగా అనుమానించేది వైరస్‌ను, తరువాత విండోస్‌ను, ఆ తరువాత ఇంటి కరెంటును. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. కానీ కొన్నిసార్లు అసలు కారణం బయోస్ తెరలో ఎవరో మార్చిన రెండు సంఖ్యల్లో ఉంటుంది. ఒకటి ప్రాసెసర్ గడియారపు వేగం, రెండోది దానికి అందే వోల్టేజి. ఈ రెండు సంఖ్యలను మార్చే వీలు వాడకందారుకు ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది, తయారీదార్లు దాన్ని అడ్డుకోబోయి చివరికి తామే ఆ దారి ఎలా పట్టారు అన్నది ఈ భాగంలోని విషయం. ఈ చరిత్ర తెలిసినవారికి లోపం వెదకడం సులువవుతుంది. తెలియనివారు భాగాలు మార్చుకుంటూ డబ్బు పోగొట్టుకుంటారు.

3.2 రెండు సంఖ్యల మధ్య సంబంధం

చరిత్రలోకి వెళ్ళేముందు కొంచెం భౌతికశాస్త్రం అవసరం. శ్లాబు పోసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకోవడం మీరు చూసే ఉంటారు. మేస్త్రి చప్పట్లు కొడుతుంటే చప్పట్టుకు ఒక చేయి చొప్పున తట్ట ముందుకు కదులుతుందనుకోండి. ప్రాసెసర్‌లో ఆ చప్పట్టే గడియారపు స్పందన. తట్ట అంటే సంకేతం. ఒక చప్పట్టుకూ తరువాతి చప్పట్టుకూ మధ్య తట్ట పక్కవాడి చేతికి చేరి తీరాలి. మేస్త్రి వేగం పెంచితే కొంతవరకు వరుస అందుకుంటుంది. ఆ తరువాత ఎక్కడో ఒకచోట తట్ట జారుతుంది. జారేది బలహీనుడి దగ్గరే. మిగతా తొంభైతొమ్మిది మంది ఎంత బలవంతులైనా లాభం లేదు.

వోల్టేజి పెంచడమంటే ఆ కూలీలకు ఎక్కువ సత్తువ ఇవ్వడం వంటిది. ట్రాన్సిస్టర్ త్వరగా మారుతుంది, సంకేతం త్వరగా చేరుతుంది. కానీ దానికి మూల్యం ఉంది. సీమాస్ వలయంలో ఖర్చయ్యే విద్యుత్తు గడియారపు పౌనఃపున్యానికి అనులోమంగా, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వోల్టేజిని 10 శాతం పెంచితే ఖర్చు 21 శాతం పెరుగుతుంది. దానితోపాటు వేగాన్ని కూడా 10 శాతం పెంచితే మొత్తం పెరుగుదల 33 శాతం. ఆ విద్యుత్తంతా చివరికి వేడిగా మారుతుంది. వేడెక్కిన కొద్దీ చిప్ లోపలి సంకేతాలు సాధారణంగా మందగిస్తాయి, లీకేజి పెరుగుతుంది. అంటే వేగం కోసం పెంచిన వోల్టేజి తెచ్చిన వేడే ఆ వేగాన్ని దెబ్బతీయవచ్చు. ఈ చుట్టుతిరుగుడును గుర్తుంచుకోండి, ముందుముందు చాలాసార్లు కనిపిస్తుంది.

మరొక విషయం. ఒకే పలకపై తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. తయారీదారు ప్రతి చిప్‌నూ పరీక్షించి, అది నమ్మకంగా పని చేయగల వేగం కంటే కొంత తక్కువ వేగాన్ని దానిపై ముద్రిస్తాడు. ఎండాకాలపు వేడికీ, నాసిరకం సప్లైకీ, కాలక్రమంలో వచ్చే అరుగుదలకూ ఆ తేడా ఒక రక్షణ. అతివేగం, అనగా ఓవర్‌క్లాకింగ్, ఆ రక్షణను ఖర్చు చేసుకోవడమే. చాలామంది దీన్ని 'ఉచితంగా వచ్చే వేగం' అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను.

3.3 స్ఫటికం మార్చిన రోజులు

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ వింత సంఖ్య ఎక్కడిదని విద్యార్థులు అడుగుతుంటారు. అమెరికా రంగుల టెలివిజన్ పద్ధతికి పనికివచ్చే 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని యంత్రంలో పెట్టి, దాని పౌనఃపున్యాన్ని మూడుతో భాగించారు. వచ్చినదే ఆ సంఖ్య. అంటే ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించినది ప్రాసెసర్ కాదు, పక్కనున్న ఒక స్ఫటికం.

1984లో వచ్చిన పీసీ ఏటీలో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండేది. ప్రాసెసర్ అందులో సగం, అనగా 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. ఆ స్ఫటికాన్ని తీసి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెడితే యంత్రం 8 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుందని వాడకందార్లు త్వరలోనే కనిపెట్టారు. కొద్దిపాటి ఖర్చుతో మూడోవంతు అదనపు వేగం. ఐబీఎం ఊరుకోలేదు. తరువాతి రామ్ చిప్‌లో, అంటే చదవడానికి మాత్రమే వీలైన శాశ్వత స్మృతిలో, ఒక చిన్న పరీక్ష చేర్చింది. యంత్రం ఉండవలసిన దానికన్నా వేగంగా ఉంటే అసలు మొదలే కాదు. వాడకందారుకూ తయారీదారుకూ మధ్య జరిగిన దాగుడుమూతలకు ఇది తొలి ఘట్టాల్లో ఒకటి.

ఇక్కడ వోల్టేజి ప్రస్తావన రాలేదని గమనించారా? అప్పట్లో అది మార్చదగిన సంఖ్యే కాదు. పాత టీటీఎల్ చిప్‌ల కాలం నుంచి 5 వోల్టులు అన్నది స్థిరపడిపోయిన ఆచారం.

3.4 5 వోల్టుల నుంచి దిగుదల

ఆ ఆచారం ఎందుకు చెదిరిందో తెలియాలంటే 1974కు వెళ్ళాలి. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. ట్రాన్సిస్టర్ కొలతలను ఎంత నిష్పత్తిలో తగ్గిస్తామో వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చిప్ వేగం పెరుగుతుంది గానీ చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదని వారు చూపారు. తరువాతి మూడు దశాబ్దాల ప్రగతికి మూర్ సూత్రం కంటే ఇదే గట్టి పునాది అని నా అభిప్రాయం. పేరు మాత్రం మూర్‌కే దక్కింది.

1993లో వచ్చిన మొదటి పెంటియం 5 వోల్టులతో 60, 66 మెగాహెర్ట్జ్ వేగాల్లో నడిచేది. 66 మెగాహెర్ట్జ్ చిప్ గరిష్ఠంగా దాదాపు 16 వాట్లు ఖర్చు చేసేది. మరుసటి ఏడాది పెంటియం 3.3 వోల్టులకు దిగింది. వోల్టేజి వర్గం 25 నుంచి దాదాపు 11కు పడిపోయింది. అందువల్ల వేగం 100 మెగాహెర్ట్జ్‌కు పెరిగినా వేడి తగ్గింది. 1997లో వచ్చిన ఎంఎంఎక్స్ పెంటియం ఇంకొక మెట్టు దిగింది. చిప్ మధ్యభాగానికి 2.8 వోల్టులు, బయటి సంబంధాలకు 3.3 వోల్టులు.

ఈ దిగుదలతోనే కొత్త రకం లోపాలు పుట్టాయి. ఒకే మదర్‌బోర్డు మీద రకరకాల వోల్టేజి ప్రాసెసర్లు పెట్టుకునే వీలు కోసం జంపర్లు వచ్చాయి. అవి చిన్న ప్లాస్టిక్ తొడుగులు. తప్పు జంపర్ పెడితే రెండు ఫలితాలు. వోల్టేజి తక్కువైతే యంత్రం మొదలు కాదు, లేదా భారం పడగానే ఆగిపోతుంది. ఎక్కువైతే కొన్నాళ్ళు బాగానే నడిచి చిప్ దెబ్బతింటుంది. తక్కువ వోల్టేజి లోపం వెంటనే బయటపడుతుంది, ఎక్కువ వోల్టేజి లోపం ఆలస్యంగా బయటపడుతుంది. లోపం వెదికేవారికి ఈ తేడా ఎంతో ముఖ్యం. తరువాత తనకు ఎంత వోల్టేజి కావాలో ప్రాసెసరే కొన్ని పిన్నుల ద్వారా మదర్‌బోర్డుకు చెప్పే పద్ధతి వచ్చింది. జంపర్లు పోయి బయోస్ తెరలోకి అమరికలు చేరాయి. స్క్రూడ్రైవర్ పట్టడం రానివారు కూడా వోల్టేజి మార్చగలిగారు.

3.5 టేపు ముక్క, పెన్సిలు గీత

1998 ఆగస్టులో ఇంటెల్ చవక ధరలో సెలెరాన్ 300ఏ విడుదల చేసింది. గుణకం 4.5, బస్ వేగం 66 మెగాహెర్ట్జ్. రెండింటి లబ్ధం 300. అంతకుముందు వ్యాపారులు కొందరు తక్కువ వేగపు చిప్‌లపై ఎక్కువ వేగం ముద్రించి అమ్మడంతో ఇంటెల్ గుణకాన్ని బిగించేసింది. కానీ బస్ వేగాన్ని బిగించలేదు. దాన్ని 100కు మార్చితే చిప్ 450 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. అమరిక లేని బోర్డుల్లో బి21 అనే పిన్నుపై చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు. దీని రెండో స్థాయి క్యాష్ 128 కిలోబైట్లే అయినా ప్రాసెసర్‌తో సమాన వేగంతో నడిచేది. అందుకని చాలా పనుల్లో ఎంతో ఖరీదైన పెంటియం 2తో పోటీపడేది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బస్ వేగం 100 అయినప్పుడు బోర్డు దాన్ని మూడుతో భాగించి పీసీఐ కార్డులకు సరిగ్గా 33 మెగాహెర్ట్జ్ ఇచ్చేది. మధ్యలో 83 దగ్గర ఆగితే రెండుతో భాగించడం వల్ల పీసీఐ 41 దాటేది. అప్పుడు ప్రాసెసర్ బాగానే ఉండేది గానీ హార్డ్ డిస్క్‌లోని ఫైళ్ళు చెడిపోయేవి. ప్రాసెసర్ అమరికను మార్చినవారు డిస్క్‌ను తప్పుపట్టేవారు. మార్పు ఒకచోట, నష్టం మరోచోట.

రెండేళ్ళ తరువాత ఏఎండీ అథ్లాన్ చిప్‌లపై తెగి ఉన్న చిన్న వంతెనలను మామూలు పెన్సిలు గ్రాఫైట్‌తో కలిపితే గుణకం విడుదలయ్యేది. బడిపిల్లల పెన్సిలుతో ప్రాసెసర్ తాళం తీయగలిగిన కాలం అది.

ఆ రోజుల్లోనే మా విభాగంలో ఒక సంఘటన జరిగింది. 1999 వేసవిలో పరిశోధక విద్యార్థి ఒకరు ఒక పెద్ద మాత్రికా గణనను కొత్తగా కొన్న కంప్యూటర్ మీద నడుపుతున్నారు. అదే ప్రోగ్రాం, అదే దత్తాంశం, కానీ ఒక్కొక్కసారి ఒక్కొక్క ఫలితం. యంత్రం ఆగిపోయేది మాత్రం అరుదు. ప్రోగ్రాంలో ఏదో చలరాశికి తొలి విలువ ఇవ్వడం మరిచి ఉంటారని నేను నిర్ధారించేశాను. మూడు వారాల పాటు ఆయన చేత ఫోర్ట్రాన్ కోడ్ తిరగరాయించాను, కొంచెం పరుషంగా కూడా మాట్లాడాను. చివరికి ఆయనే వచ్చి, "సార్, రాత్రి నడిపితే ఎప్పుడూ ఒకే జవాబు వస్తోంది, మధ్యాహ్నమే తేడా" అన్నారు. పెట్టె విప్పి చూస్తే గడియారం అమరిక చిప్‌పై ముద్రించిన వేగానికి మించి ఉంది. అమ్మిన వ్యక్తిని అడిగితే, "అందరికీ అలాగే ఇస్తున్నాం సార్, స్పీడ్ ఎక్కువే వచ్చింది కదా" అన్నాడు. సంగతి మళ్ళీ 3.9లో వస్తుంది.

3.6 తయారీదారే పట్టుబడిన సందర్భం

1000 మెగాహెర్ట్జ్, అంటే 1 గిగాహెర్ట్జ్ గీతను 2000 మార్చిలో ఏఎండీ ముందుగా దాటింది. రెండు రోజుల తేడాతో ఇంటెల్ కూడా తన చిప్‌ను ప్రకటించింది. ఆ పోటీ వేడిలో ఇంటెల్ అదే ఏడాది జులై 31న 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 విడుదల చేసింది. ఆ వేగం అందుకోవడానికి చిప్ వోల్టేజిని 1.8 దాకా పెంచారు.

సమీక్ష కోసం అందిన చిప్ టామ్స్ హార్డ్‌వేర్ సంపాదకుడు థామస్ పాబ్స్ట్ చేతిలో నిలకడగా నడవలేదు. మరికొందరు సమీక్షకులకూ అదే అనుభవమైంది. లోపాన్ని తిరుగులేకుండా రుజువు చేసిన పరీక్ష చాలా సాదాది. లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేయడం. వేలాది ఫైళ్ళను వరుసగా అనువదించే ఆ పనిలో ప్రాసెసర్‌కూ స్మృతికీ క్షణం విశ్రాంతి ఉండదు. ఒక్క బిట్ తప్పినా కంపైలర్ కూలిపోతుంది. లినక్స్ వాడేవారికి 'సిగ్నల్ 11' అనే ఆ దోషం అప్పటికే బాగా పరిచయం. మంచి కెర్నల్‌ను కంపైల్ చేస్తున్నప్పుడు అది ఒక్కోసారి ఒక్కోచోట వస్తే ప్రోగ్రాంను కాదు, యంత్రాన్ని అనుమానించాలని వారు నేర్చుకున్నారు.

ఆగస్టు 28న ఇంటెల్ ఆ చిప్‌లను వెనక్కు పిలిచింది. కొన్ని ఉష్ణోగ్రతల్లో, కొన్ని ఆదేశాల కలయికలో లోపం వస్తుందని ఒప్పుకుంది. సవరించిన 1.13 గిగాహెర్ట్జ్ చిప్‌లు మరుసటి ఏడాది గానీ రాలేదు. నిజానికి ఇది తయారీదారు స్వయంగా చేసిన ఓవర్‌క్లాకింగే. చిప్‌కు రక్షణగా మిగలవలసిన తేడాను పోటీ మింగేసింది.

ఆలోచించండి : చిప్‌లో లోపం ఉన్నా విండోస్‌లో మామూలు పని చేసుకునేవారికి అది ఎందుకు కనిపించకపోవచ్చు?

3.7 వేగపు పరుగు ఆగిన వేళ

2002లో వచ్చిన నార్త్‌వుడ్ రకం పెంటియం 4కు మామూలు వోల్టేజి దాదాపు 1.5. ఔత్సాహికులు దాన్ని 1.7 దాటించారు. వారాలో నెలలో అద్భుతంగా నడిచి చిప్‌లు ఒక్కసారిగా చచ్చిపోయేవి. కారణంగా ఎక్కువగా చెప్పుకున్నది ఎలక్ట్రోమైగ్రేషన్. ప్రవాహపు ఒత్తిడికి తీగలోని లోహపు పరమాణువులు మెల్లగా తావు తప్పుతాయి. ఏటి ఒరవడికి గట్టు కోసుకుపోయినట్టు తీగ సన్నబడి తెగుతుంది. వేడి పెరిగితే ఇది ఎన్నో రెట్లు త్వరగా జరుగుతుంది.

ఆ తరువాత డెనార్డ్ చూపిన దారే మూసుకుపోయింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై లీకేజి పెరగడంతో వోల్టేజిని ఇంకా తగ్గించడం సాధ్యపడలేదు. 2004 అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను ఇంటెల్ విరమించుకుంది. ఆ సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సమావేశ వేదికపై సరదాగా మోకాళ్ళపై నిలిచి క్షమాపణ అడిగారు. బహుళ కోర్ల యుగం మొదలైంది.

2008 నవంబరులో వచ్చిన కోర్ ఐ7తో టర్బో బూస్ట్ ప్రవేశించింది. వేడికి, విద్యుత్తుకు అవకాశం ఉన్నంతవరకు ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకుంటుంది. 2010 నుంచి పేరు చివర 'కె' అక్షరం ఉన్న చిప్‌లలో గుణకం విప్పి అమ్మసాగారు. ఒకప్పుడు రామ్ చిప్‌లో పరీక్ష పెట్టి అడ్డుకున్న పనికి ఇప్పుడు అదనపు ధర కట్టారు.

3.8 2023-24 సంక్షోభం

ఇంటెల్ 13వ తరం ఐ9 'కె' చిప్ గరిష్ఠ వేగం 5.8 గిగాహెర్ట్జ్, 14వ తరానిది 6 గిగాహెర్ట్జ్. టర్బో స్థితిలో విద్యుత్ పరిమితి 253 వాట్లు. చాలా మదర్‌బోర్డులు వేగపు పోటీలో ముందుండాలని బయోస్‌లో ఆ పరిమితిని 4096 వాట్లుగా, అంటే అసలు పరిమితే లేనట్టుగా ఉంచాయి. కొన్నవారు ఏ అమరికనూ ముట్టుకోలేదు. అయినా వారి యంత్రం పరిమితులు దాటి నడుస్తోంది.

ఆటలు ఆడేవారికి 'వీడియో స్మృతి చాలడం లేదు' అనే సందేశం రాసాగింది. గ్రాఫిక్స్ కార్డులో స్మృతి పుష్కలంగా ఉంది. చాలామంది కార్డులు మార్చారు, డ్రైవర్లు మార్చారు. అసలు జరిగినది వేరు. ఆట మొదట్లో కుదించిన ఫైళ్ళను విప్పే పని ప్రాసెసర్ చేస్తుంది. అక్కడ లెక్క తప్పడంతో వచ్చిన చెత్త విలువను ప్రోగ్రాం స్మృతి లోపంగా అర్థం చేసుకుంది. తెర చెప్పినది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు.

2024 జులై 22న ఇంటెల్ ఒక ప్రకటన చేసింది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ కొన్ని సందర్భాల్లో తనకు అవసరమైన దానికన్నా ఎక్కువ వోల్టేజి అడుగుతోందని అందులో చెప్పింది. ఆగస్టులో 129 సంఖ్య గల మైక్రోకోడ్ విడుదలై, ఆ కోరికను 1.55 వోల్టులకు పరిమితం చేసింది. సెప్టెంబరులో మరింత వివరణ వచ్చింది. అధిక వోల్టేజి, అధిక వేడి వల్ల కోర్‌లో గడియారపు సంకేతాలను పంచే వలయం త్వరగా ముసలిదవుతోంది. అందువల్ల ఆ చిప్ నిలకడగా నడవడానికి కావలసిన కనీస వోల్టేజి పెరిగిపోతోంది. ఇంటెల్ వారంటీని రెండేళ్ళు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ మైక్రోకోడూ బాగుచేయలేదు. ఇది ఒక్క సంస్థ కథ కాదు. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయిన తరువాత ఆ సంస్థ కూడా చిప్‌లోని ఒక భాగపు వోల్టేజికి 1.3 పరిమితి పెట్టవలసి వచ్చింది.

3.9 లోపం వెదికే క్రమం

ఇంత చరిత్ర చెప్పినది వెదికే క్రమాన్ని సమర్థించడానికే. మొదట బయోస్‌లో అన్ని అమరికలనూ ఫ్యాక్టరీ విలువలకు తేవాలి. స్మృతి వేగాన్ని పెంచే ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో కూడా ఓవర్‌క్లాకింగే, వాటినీ ఆపాలి. బోర్డు తయారీదారు ఇచ్చిన 'మామూలు' విలువలే హద్దు దాటి ఉండవచ్చని 3.8లో చూశాం. కాబట్టి విద్యుత్ పరిమితి సంఖ్యను ప్రాసెసర్ తయారీదారు చెప్పిన దానితో పోల్చండి. బయోస్‌ను తాజా రూపానికి మార్చండి. అప్పటికీ యంత్రం ఆగిపోతుంటే స్మృతిని మెమ్‌టెస్ట్‌తో, ప్రాసెసర్‌ను ప్రైమ్95తో పరీక్షించండి. ప్రైమ్95 పెద్ద ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం రాసిన ప్రోగ్రాం. ముందే తెలిసిన జవాబులతో తన లెక్కలను సరిచూసుకుంటుంది కాబట్టి యంత్రం ఆగిపోని లోపాన్ని కూడా పట్టుకోగలదు. పరీక్ష జరిగేటప్పుడు ఉష్ణోగ్రత గమనించండి.

విండోస్ నీలి తెరపై దోష సంఖ్య చివర 124 ఉంటే హార్డ్‌వేర్ స్వయంగా లోపం నివేదించిందని అర్థం. 101 ఉంటే ఒక కోర్ గడువులోగా స్పందించలేదని అర్థం. రెండూ ప్రాసెసర్ వోల్టేజి చాలనప్పుడు తరచుగా కనిపించేవే. అయితే అవి కారణాన్ని చెప్పవు, దిశను మాత్రమే చూపుతాయి.

వోల్టేజి పెంచి యంత్రాన్ని నిలకడలోకి తేవడం చాలామందికి మొదట తోచే ఆలోచన. మీరు ముందు వేగం తగ్గించి చూడండి. తగ్గిస్తే కుదుటపడిన యంత్రానికి రోగం ఏమిటో తెలిసినట్టే, చిప్‌కు హానీ లేదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి కాగితంపై రాసుకోండి. వేడి తగ్గించాలని వోల్టేజి తగ్గించినవారి యంత్రాలు పని లేనప్పుడే ఆగిపోవడం మరొక విచిత్రం. తక్కువ వేగానికి దిగినప్పుడు వోల్టేజి కూడా దిగుతుంది. అప్పటికే తగ్గించిన విలువ అక్కడ చాలదు. గంటలకొద్దీ భారం మోసి నిలబడిన యంత్రం టీ తాగి వచ్చేలోపు ఆగిపోతుంది.

యంత్రం కుదుటపడిన తరువాత చాలామంది మరచే పని ఒకటుంది. లోపం ఉన్న రోజుల్లో ఆ యంత్రం రాసిన ఫైళ్ళు, చేసిన లెక్కలు అన్నీ అనుమానించదగినవే. ముఖ్యమైన వాటిని తిరిగి చేయాలి, పాత నకళ్ళతో పోల్చాలి. మా విభాగంలో గడియారాన్ని అసలు వేగానికి తెచ్చిన మర్నాడు ఆ విద్యార్థి తన మొదటి ప్రోగ్రాంనే, నేను తిరగరాయించక ముందు ఉన్నదాన్నే, మళ్ళీ నడిపారు. పగలూ రాత్రీ ఒకే జవాబు వచ్చింది. ఆపై మూడు నెలల ఫలితాలన్నింటినీ కూర్చుని సరిచూశాం. అప్పటికే టైపు చేయించిన అధ్యాయంలో రెండు పట్టికలు మారాయి. ఆ రెండింటినీ నేనే స్వయంగా తిరిగి టైపు చేసి ఆయనకు ఇచ్చాను.